తెర మీదికి రాని టికెట్లు

ఆ రోజు నెలాఖరు. రాత్రి ఎనిమిదిన్నరకి క్లయింట్‌తో కాల్. మా బిల్లింగ్ టీమ్‌లో సీనియర్ ఇంజనీర్ ఒకాయన చెల్లెలి పెళ్ళికని మూడు వారాలు సెలవు పెట్టాడు. ఆయన దగ్గరున్న టికెట్లు ఎవరికి ఇవ్వాలో ముందే అనుకున్నాం. అవి పోను టీమ్ మీద ఇంకా ఎంత పని ఉందో చెప్పమని క్లయింట్ మేనేజర్ అడిగింది. నేను కాల్‌లో ఉండగానే మా టికెట్లు ఉండే జిరా తెరిచి మూడు షరతులు కొట్టాను: ప్రాజెక్టు బిల్లింగ్ అయ్యుండాలి, పూర్తయినవి రాకూడదు, అసైనీ ఆయన కాకూడదు. 41 వచ్చాయి. అదే చెప్పాను, ఆమె రాసుకుంది. మర్నాటి నుంచి ఆ 41నీ దగ్గర పెట్టుకుని పని చేశాం.

తొమ్మిది రోజుల తర్వాత ఎస్కలేషన్ వచ్చింది. ఒక పింఛనుదారుకి ఒకే బిల్లు మీద రెండుసార్లు డబ్బు కట్ అయింది. రెండోసారి కట్ అయిన మొత్తం తిరిగి వస్తుందని ఎదురుచూస్తూ ఆయన రోజూ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తున్నాడు. నేను కాల్‌లో కూర్చున్న రోజు మధ్యాహ్నమే ఆ టికెట్ మా క్యూలోకి వచ్చి ఉంది. ఎవరికీ అసైన్ కాలేదు. నా 41లో లేదు. తవ్వి చూస్తే అలాంటివి మొత్తం 23 తేలాయి.

అవి ఎందుకు తప్పిపోయాయో అర్థం కావడానికి నాకు ఆ రాత్రంతా పట్టింది. జిరాలో "అసైనీ ఫలానా కాదు" అని రాస్తే, అసైనీ గడిలో ఎవరిదో ఒక పేరు ఉండి, ఆ పేరు ఫలానాది కానివి మాత్రమే వస్తాయి. గడి ఖాళీగా ఉన్న టికెట్ ఆ పోలికలోకే రాదు. మనం మామూలుగా "ఆయన దగ్గర లేనివి" అన్నామంటే ఎవరి దగ్గరా లేనివి కూడా అందులోనే ఉంటాయి. మన మాటకీ దాని మాటకీ మధ్య ఉన్న ఆ సందులోనే 23 టికెట్లు జారిపోయాయి. నేను రాయాల్సింది ఇది:

ప్రాజెక్ట్ = బిల్లింగ్ అండ్ స్టేటస్‌క్యాటగిరీ != డన్ అండ్ (అసైనీ != ఆయన ఆర్ అసైనీ ఈజ్ ఎంప్టీ)

టైప్ చేసేటప్పుడు ఇదంతా ఇంగ్లీషులోనే కొట్టాలి. నోటితో పలికినట్టుగా చదువుకోవడానికి ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. కాంపొనెంట్, లేబుల్, ఫిక్స్ వెర్షన్ లాంటి ఖాళీగా ఉండగల గడులన్నిటికీ ఇదే సూత్రం. నేరుగా డేటాబేస్ మీద ఎస్‌క్యూఎల్ రాసేవాళ్ళు నల్ దగ్గర తినే దెబ్బ కూడా ఇదే.

బ్రాకెట్ ఒకటి మర్చిపోతే జిరా ఎర్ర గుర్తు పెట్టి చూపిస్తుంది. ప్రశ్నే తప్పయితే మాత్రం ఏ గుర్తూ రాదు, శుభ్రంగా ఒక పట్టిక వస్తుంది. నా 41 టికెట్లూ సరైనవే. ఒక్కొక్కటే తెరిచి చదివినా అందులో తప్పు పట్టలేరు. తప్పంతా రానివాటిలో ఉంది, రానివేమో తెర మీద ఉండవు. మా అమ్మమ్మ బియ్యం చెరిగాక చేటలో ఉన్నవాటిని అంతగా చూసేది కాదు. కింద పడ్డ ఊకని చేత్తో కెలికేది, అందులో నూకలు పోయాయేమోనని. టికెట్లు వెతికేవాళ్ళకి కావలసింది ఆ కెలికి చూసే అలవాటు. ఈ అధ్యాయమంతా దాని గురించే.

*

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి నా సీటు దగ్గరికి వచ్చాడు.

"అక్కా, పోయిన వారం బగ్స్ అన్నీ తీసి పంపమన్నారు. క్వెరీ ఎలా రాయాలి?"

"పోయిన వారం ఏమైన బగ్స్?"

"అంటే?"

"పోయిన వారం వచ్చినవా? పోయిన వారం మూసినవా? ఎప్పుడో వచ్చి పోయిన వారం ఎవరైనా ముట్టుకున్నవా?"

వాడు కాసేపు ఆలోచించాడు. "తెలీదక్కా. అడిగొస్తా."

వెళ్ళి అడిగి వచ్చాడు. వాళ్ళకి కావలసింది పోయిన వారం మూసినవి. వాడు మాత్రం "క్రియేటెడ్" పెట్టి, అంటే వచ్చిన తేదీతో, సగం రాసేసి ఉన్నాడు. అలాగే పంపి ఉంటే ఎప్పుడో రెండు నెలల కింద వచ్చి మొన్న మంగళవారం మూసిన టికెట్ ఒక్కటీ అందులో ఉండేది కాదు. క్రియేటెడ్, అప్‌డేటెడ్, రిజాల్వ్డ్ అనే మూడు తేదీలు మూడు వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. వీటిలో అప్‌డేటెడ్‌ని నమ్ముకుని లెక్కలు కట్టకండి. ఎవరో ఒక చిన్న కామెంట్ పెట్టినా అది మారుతుంది. అడ్మిన్ ఒకేసారి వందల టికెట్లకి లేబుల్ తగిలిస్తే, ఏడాదిగా ఎవరూ చూడని టికెట్ కూడా ఆ రోజు కదిలినట్టే కనిపిస్తుంది.

అందుకే వాడికి ఒక పని అలవాటు చేశాను. క్వెరీ పెట్టె తెరవకముందు, కావలసింది ఏమిటో కాగితం మీద తెలుగులో ఒక వాక్యంగా రాయాలి. ఆఫీసులో ఇంగ్లీషులో రాసుకుంటే అడిగినవాళ్ళ మాటలే తిరిగి రాస్తాం: పెండింగ్, ఓపెన్, క్రిటికల్. ఆ మాటలకి అర్థం తెలిసినట్టే ఉంటుంది, అక్కడితో ఆగిపోతాం. తెలుగులోకి మార్చబోతే ప్రతి మాట దగ్గరా చెయ్యి ఆగుతుంది. పెండింగ్ అంటే ఏమిటి? మొదలుపెట్టనిదా, మొదలుపెట్టి ఆపినదా, కస్టమర్ జవాబు కోసం చూస్తున్నదా? మీ ప్రాజెక్టు స్టేటస్‌లలో ఏవేవి ఆ మాట కిందికి వస్తాయి? ఆ వాక్యం రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. దాని కింద ఇంకో వాక్యం కూడా రాయమంటాను: "ఇవి మాత్రం రాకూడదు." ఖాళీ గడుల సంగతి చాలాసార్లు ఈ రెండో వాక్యం రాస్తున్నప్పుడే గుర్తొస్తుంది.

*

జిరా 2002లో వచ్చింది. సిడ్నీలో మొదలైన అట్లాసియన్ అనే చిన్న కంపెనీ తయారుచేసింది. అప్పట్లో బగ్‌లు రాసుకోవడానికి బాగా వాడుకలో ఉన్నది మొజిల్లా వాళ్ళ బగ్‌జిల్లా. ఆ పేరులోని జిల్లా నుంచి గాడ్జిల్లా గుర్తొచ్చి, గాడ్జిల్లాకి జపాన్‌లో ఉన్న గొజిరా అనే పేరులోంచి చివరి ముక్క తీసి జిరా అని పెట్టుకున్నారు. మనం ఈ రోజు వాడే ప్రశ్నల భాష, జేక్యూఎల్, 2009లో నాలుగో వెర్షన్‌తో వచ్చింది. డబ్బాల్లోంచి ఎంచుకునే మామూలు వెతుకులాట ఇప్పటికీ ఉంది. అందులో మీరు పెట్టే ప్రతి షరతూ మిగతావాటితో పాటు కలిసి తీరాలి. "ఇదైనా సరే, లేదా అదైనా సరే" అని రెండు వేర్వేరు గడుల మధ్య అడగడానికి వీలుండదు. ఆ "లేదా" మన చేతికి ఇచ్చింది జేక్యూఎల్. దాంతోపాటే బ్రాకెట్ల బాధ్యత కూడా మనకి వచ్చింది.

ప్రాజెక్ట్ = బిల్లింగ్ అండ్ ప్రయారిటీ = హయ్యెస్ట్ ఆర్ ప్రయారిటీ = హై

బిల్లింగ్‌లో అత్యవసరమైనవి, ముఖ్యమైనవి కావాలని రాసిన క్వెరీ ఇది. పైకి చదివితే సరిగ్గానే ఉంది. జిరా మాత్రం ముందు అండ్‌ని కలుపుకుంటుంది, తర్వాతే ఆర్‌ని చూస్తుంది. అందుకని బిల్లింగ్‌లోని హయ్యెస్ట్‌లతో పాటు, మీకు కనబడే ప్రాజెక్టులన్నిటిలోని హైలు మొత్తం వచ్చి పడతాయి. హోటల్లో "చక్కెర లేని టీ గానీ కాఫీ గానీ" అంటే కాఫీలో చక్కెర వేయాలో వద్దో అడిగి కనుక్కుంటారు. జిరా అడగదు, తన నియమం ప్రకారం తెచ్చి పెడుతుంది. ఒకే గడికి రెండు మూడు విలువలైతే ఆర్ జోలికి వెళ్ళకుండా "ప్రయారిటీ ఇన్ (హయ్యెస్ట్, హై)" అని రాయండి. వేర్వేరు గడుల మధ్య ఆర్ తప్పనప్పుడు, అవసరం లేదనిపించినా బ్రాకెట్లు పెట్టండి. ఆరు నెలల తర్వాత ఆ ఫిల్టర్ తెరిచే మనిషికి అవి దారి చూపిస్తాయి, ఆ మనిషి మీరే కావచ్చు.

*

తేదీల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. నేను చూసిన తప్పుడు నివేదికల్లో సగానికి పైగా ఇక్కడే పుట్టాయి.

మార్చి నెలలో వచ్చిన టికెట్లు కావాలి. "క్రియేటెడ్ >= మార్చి 1 అండ్ క్రియేటెడ్ <= మార్చి 31" అని రాస్తారు. నేనూ చాలాకాలం అలాగే రాశాను. గంట చెప్పకపోతే జిరా ఆ తేదీని అర్ధరాత్రి 00:00 గా తీసుకుంటుంది. అంటే మీ లెక్క మార్చి 31 మొదలయ్యే క్షణానికే ఆగిపోతుంది. 31న పగలంతా వచ్చినవి బయటే ఉండిపోతాయి. బిల్లింగ్ లాంటి పనిలో నెల చివరి రోజే రద్దీ ఎక్కువ, తప్పిపోయేదీ ఆ రోజే. ఏప్రిల్ నివేదిక ఏప్రిల్ 1 నుంచి మొదలవుతుంది కాబట్టి 31న వచ్చినవి ఏ నెల లెక్కలోకీ రావు. "క్రియేటెడ్ < ఏప్రిల్ 1" అని రాస్తే ఈ గొడవే ఉండదు. ఇంకా మంచి పద్ధతి తేదీలు చేత్తో కొట్టకపోవడం:

క్రియేటెడ్ >= స్టార్ట్‌ఆఫ్‌మంత్(-1) అండ్ క్రియేటెడ్ < స్టార్ట్‌ఆఫ్‌మంత్()

పోయిన నెల మొదటి క్షణం నుంచి ఈ నెల మొదటి క్షణం దాకా. ఫిబ్రవరికి 28 రోజులా 29 రోజులా అని చూసుకోనక్కర్లేదు. ఒకసారి రాసి దాచుకుంటే ఏడాది పొడవునా పనికొస్తుంది.

ఇంకో మెలిక టైమ్ జోన్. "ఈ రోజు మొదలు" అనే ఫంక్షన్ చూసేది క్వెరీ నడిపే మనిషి ప్రొఫైల్‌లో ఉన్న టైమ్ జోన్‌ని. హైదరాబాద్‌లో మీరూ న్యూయార్క్‌లో మీ మేనేజరూ ఒకే ఫిల్టర్‌ని ఒకే నిమిషంలో తెరిచినా, మీ ఇద్దరి "ఈ రోజు" వేర్వేరు చోట్ల మొదలవుతుంది. వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. రాత్రి షిఫ్టులో పనిచేసే మనవాళ్ళకి ఇది రోజూ ఎదురయ్యే చిక్కు. "మీరు 17 మూశామన్నారు, నాకు 9 కనిపిస్తున్నాయి" అని అవతల నుంచి మెయిల్ వస్తే మనసు కష్టపెట్టుకునే ముందు ఇద్దరి ప్రొఫైళ్ళూ చూడండి. రోజువారీ లెక్క ఏ ఊరి గడియారం ప్రకారమో ముందే మాట్లాడుకుని, ఫిల్టర్ వివరణలో రాసి పెట్టుకుంటే ఆ మెయిలే రాదు.

తేదీల్లోనే ఇంకో చిన్న ఉచ్చు: జిరాలో చిన్న ఎమ్ అంటే నిమిషం. నెల అనుకుని "-1ఎమ్" అని కొడితే గడిచిన ఒక్క నిమిషంలో వచ్చినవి వెతుకుతుంది. సున్నా టికెట్లు వస్తే "అబ్బ, ఈ నెల ఏమీ రాలేదు" అని సంతోషపడే ప్రమాదం ఉంది.

*

మాటలతో వెతకడాన్ని చివరి మెట్టుగా పెట్టుకోండి. మనుషులు ఒకే సంగతిని ఒకేలా రాయరు. లాగిన్ అని కలిపి ఒకరు, లాగ్ ఇన్ అని విడదీసి ఒకరు, సైన్ ఇన్ అని ఇంకొకరు. కస్టమర్ పేరు లక్ష్మి అయితే ఇంగ్లీషులో మధ్యలో "కేఎస్‌హెచ్" పెట్టేవాళ్ళున్నారు, "ఎక్స్" పెట్టేవాళ్ళున్నారు. మన పేర్లు వేరే లిపిలోకి వెళ్ళేటప్పుడు ఎన్ని వేషాలు వేస్తాయో మనకి తెలిసినంతగా టూల్‌కి తెలియదు. ఆ వేషాలన్నీ మీరే ఊహించి ఆర్‌తో కలపాలి.

తరంగం గుర్తు, "~", పెడితే "ఈ మాట ఉన్నవి" అని అర్థం. ఇంగ్లీషు మాటల విషయంలో జిరా మూల రూపం చూస్తుంది కాబట్టి ఫెయిల్ అని వెతికితే ఫెయిల్డ్ కూడా దొరుకుతుంది. "పేమెంట్ ఫెయిల్డ్" అని రెండు మాటలు ఇస్తే ఆ రెండూ ఎక్కడున్నా, ఏ వరసలో ఉన్నా తెస్తుంది. పక్కపక్కనే అదే వరసలో కావాలంటే కోట్స్ లోపల మళ్ళీ కోట్స్ పెట్టాలి, లోపలివాటి ముందు బ్యాక్‌స్లాష్ వేయాలి. ఎర్రర్ మెసేజ్‌ని ఉన్నది ఉన్నట్టు వెతికేటప్పుడు ఇది చేయకపోతే సంబంధం లేనివి పదులకొద్దీ వస్తాయి. ఇంకొకటి. "టెక్స్ట్ ~" అని రాస్తే శీర్షిక, వివరణ, కామెంట్లు అన్నీ గాలిస్తుంది. సంగతి శీర్షికలో ఉందని తెలిస్తే "సమ్మరీ ~" చాలు.

త్వరగా జవాబు రావడం అనే విషయం కూడా ఇక్కడే అర్థమవుతుంది. శబ్దరత్నాకరం నిఘంటువులో "కా"తో మొదలయ్యే మాటలు చూడమంటే నేరుగా ఆ పుట తీస్తాం. "రి"తో ముగిసే మాటలన్నీ చూడమంటే పుస్తకం మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదవాలి. డేటాబేస్ ఇండెక్సూ అంతే. ఎస్‌క్యూఎల్‌లో మాట ముందు శాతం గుర్తు పెట్టి వెతికితే మామూలు ఇండెక్స్ పనికిరాకుండా పోయి, వరసలన్నీ ఒక్కొక్కటే చదవాల్సి వస్తుంది. జిరాలో మాట చివర నక్షత్రం గుర్తు పెట్టుకోవచ్చు గానీ మొదట్లో కుదరదు. కాబట్టి ముందు ప్రాజెక్టు చెప్పండి, తర్వాత తేదీల గిరి గీయండి, ఆపైన కాంపొనెంట్, లేబుల్. మాటల వెతుకులాట ఆ చిన్న గిరిలో జరగనివ్వండి. మీరు రాసిన ఫిల్టర్‌ని టీమ్ డాష్‌బోర్డ్ మీద పెడితే, ఆ పేజీ తెరిచిన ప్రతి మనిషికీ తెరిచిన ప్రతిసారీ అది నడుస్తుంది. మీ ఒక్కరికి నాలుగు సెకన్లు పెద్ద లెక్క కాదు. ముప్ఫైమంది ఉదయం పది గంటల స్టాండప్‌కి ఒకేసారి తెరిచినప్పుడు అందరూ కూర్చుని తిరిగే చక్రాన్ని చూడాలి.

గతం గురించి అడగడానికి "వాజ్", "ఛేంజ్డ్" ఉన్నాయి. మూసేశాక మళ్ళీ తెరిచిన టికెట్లు, పోయిన నెల ఫలానా ఆయన చేతిలో ఉండి ఇప్పుడు లేనివి లాంటివి వీటితో దొరుకుతాయి. అన్ని గడులకీ పనిచేయవు. స్టేటస్, అసైనీ, ప్రయారిటీ, రిజల్యూషన్ లాంటి కొన్నిటికే.

*

ఇప్పుడు ఊకని కెలికే పని. నేను రెండు రకాలుగా చేస్తాను.

మొదటిది కూడిక. పెళ్ళికి వెళ్ళినాయన సంగతే తీసుకుందాం. బిల్లింగ్‌లో పూర్తికాని టికెట్లు మొత్తం ఎన్ని అని అసైనీ షరతు లేకుండా అడిగాను: 112. ఆయనవి ఎన్ని: 48. ఆయన కానివి ఎన్ని: 41. నలభై ఎనిమిదీ నలభై ఒకటీ 89. మొత్తానికి 23 తగ్గింది. ఆయనవీ ఆయన కానివీ కలిపితే అన్నీ రావాలి కదా! రాలేదంటే మూడో రకం ఏదో ఉంది. ఈ కూడిక ఆ రాత్రి కాల్‌లోనే చేసి ఉంటే ఒక నిమిషం పట్టేది, ఆ పింఛనుదారుకి తొమ్మిది రోజులు మిగిలేవి. ఇప్పుడు "కాదు" అనే గుర్తు ఉన్న క్వెరీ రాసిన ప్రతిసారీ ఈ మూడు లెక్కలూ వేసి చూసుకుంటాను.

రెండోది తెలిసిన టికెట్‌తో పరీక్ష. జవాబులో తప్పకుండా ఉండాల్సిన టికెట్ ఒకటి మీకు గుర్తుంటుంది, నిన్న మీరే చూసినదో, కస్టమర్ ఫోన్ చేసి విసిగిపోయి చెప్పినదో. క్వెరీ మొత్తాన్ని బ్రాకెట్లలో పెట్టి, ముందు ఆ టికెట్ నంబర్‌తో "కీ = ఫలానా అండ్" అని తగిలించండి. వస్తే మంచిది. రాకపోతే ఒక్కో షరతూ తీసేస్తూ మళ్ళీ నడపండి. ఏది తీసినప్పుడు టికెట్ ప్రత్యక్షమైందో తప్పు అందులో ఉంది. అంచుల్లో ఉన్న టికెట్లని ఎంచుకుంటే ఈ పరీక్ష గట్టిగా ఉంటుంది: నెల చివరి రోజు సాయంత్రం వచ్చినది, ఎవరికీ అసైన్ కానిది, లేబుల్ లేనిది.

ఈ రెండిటికీ అందనిది ఒకటుంది, అనుమతులు. మీకు చూసే హక్కు లేని టికెట్‌ని జిరా మీ జవాబులో పెట్టదు, పెట్టలేదని కూడా చెప్పదు. మీ మొత్తంలోనూ ఉండదు కాబట్టి కూడిక సరిపోతుంది. ఇంకొకరి లెక్కతో పోల్చినప్పుడే బయటపడుతుంది. అందుకని బయటికి వెళ్ళే నివేదిక ఏదైనా, వేరే అనుమతులున్న మనిషి ఒకరితో అదే క్వెరీ నడిపించి చూడాలి.

ఫిల్టర్ దాచేటప్పుడు పేరు దగ్గర పిసినారితనం వద్దు. "మంత్లీ రిపోర్ట్ కొత్తది" అనే పేరున్నవి మా దగ్గర ఒకప్పుడు ఆరు ఉండేవి. వివరణ గడిలో, కాగితం మీద రాసుకున్న ఆ రెండు తెలుగు వాక్యాలనే ఇంగ్లీషులో పెట్టేయండి: ఇందులో ఏమి వస్తాయి, ఏమి రావు.

మొన్న మార్చి నెల లెక్క ఆ కుర్రాడే కట్టాడు. రాత్రి ఏడున్నరకి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు.

"అక్కా, కూడిక సరిపోయింది. 31వ తేదీ టికెట్ కూడా వేసి చూశా, వస్తోంది. కానీ క్లయింట్ 76 అంటున్నారు, నాకు 73 వస్తున్నాయి."

"క్వెరీ ఒకటేనా?"

"అక్షరం తేడా లేదక్కా. టైమ్ జోన్ కూడా ఆవిడ మనది పెట్టుకుని చూశారు."

"మరి?"

"ఆ మూడూ నాకు కనబడనివి అయ్యుంటాయి. 73 అని పంపకుండా ఆపాను."

అక్కడే నిలబడి అడ్మిన్‌కి మెయిల్ రాశాడు. తెల్లారేసరికి మూడు టికెట్ల నంబర్లూ వచ్చాయి. రెండు ఆడిట్ వాళ్ళవి. మూడోది మా టీమ్‌దే. తప్పు సెక్యూరిటీ లెవెల్ పడి, వచ్చిన రోజు నుంచీ మాలో ఎవరికీ కనబడకుండా ఉంది. వాడు దాన్ని తన పేరు మీదకి అసైన్ చేయించుకుని, టీ కూడా తాగకుండా కస్టమర్‌కి ఫోన్ చేయడానికి కూర్చున్నాడు.